నిజాం గారి రెండు ఇంజన్లు

పోయిన ఆదివారం పొద్దున్నే డాలస్ నుంచి మా మేనల్లుడు ఫోన్ చేశాడు. వాడు ఫోన్ చేశాడంటే అయితే వీసా గొడవ, లేకపోతే కారు గొడవ. ఈసారి రెండోది. 2002 మోడల్ మాజ్డా మియాటా ఒకటి చవగ్గా దొరికితే కొన్నాడట. రెండు సీట్లు, టాపు లేని బండి, 1800 సీసీ ఇంజను, 140 దరిదాపు హార్స్‌పవర్. "మామయ్యా, బండి సూపరు గానీ కొంచెం ఊపిరి తక్కువ. సూపర్‌ఛార్జర్ కిట్టు దొరుకుతోంది, ఆరు పౌండ్ల బూస్టు. పెట్టించెయ్యనా?" అని అడిగాడు.

నేను కోడు రాసుకుని బతికేవాణ్ణి, మెకానిక్కుని కాను. అయినా వాడు నన్నే ఎందుకడుగుతాడంటే, ఇంజన్ల చరిత్ర అంటే నాకు పిచ్చి అని వాళ్ళమ్మ చెప్పి పెట్టింది. "ఆరు పౌండ్ల బూస్టుకీ మన ఊరికీ పాత చుట్టరికం ఉందిరా" అని మొదలెట్టాను. వాడికి అక్కడ రాత్రి పదకొండు దాటింది. పాపం, మధ్యలో ఎక్కడో నిద్రపోయినట్టున్నాడు. వాడికి సగమే చెప్పిన కథ ఇక్కడ పూర్తిగా చెబుతాను.

ముందు ఈ సూపర్‌ఛార్జర్ ఏమిటో రెండు ముక్కల్లో. పెట్రోలు ఎంతైనా పొయ్యొచ్చు, అది మండటానికి గాలి కావాలి కదా. మామూలు ఇంజను పిస్టన్ కిందకి దిగినప్పుడు ఏర్పడే ఖాళీలోకి బయటి గాలి తనంత తాను ఎంత తోసుకొస్తే అంతే తీసుకుంటుంది. దీన్నే నాచురల్లీ యాస్పిరేటెడ్ అంటారు. అంటే ఊపిరి పీల్చడమే తప్ప ఎవరూ ఊదరు. సూపర్‌ఛార్జర్ అంటే కొలిమి దగ్గర తిత్తి అనుకోండి. బొగ్గు అదే, కొలిమి అదే, తిత్తి తొక్కితే మంట రంగు మారుతుంది. తేడా అల్లా ఈ తిత్తిని తొక్కేది కూడా ఆ ఇంజనే. తన క్రాంక్‌షాఫ్టు బలంలోంచి కొంత తీసి తిత్తిని తిప్పుకుని, ఖర్చుపెట్టినదాని కంటే ఎక్కువ రాబట్టుకుంటుంది.

పోలిక కోసం తిత్తి అన్నాను గానీ, అసలు చరిత్ర కూడా అదే. అమెరికాలో ఇండియానా రాష్ట్రంలో రూట్స్ అనే అన్నదమ్ములు 1860లో పేటెంటు తీసుకున్న యంత్రం తర్వాత ఇనుము కరిగించే కొలుముల్లోకి గాలి ఊదడానికి, గనుల్లోకి గాలి పంపడానికి వాడుకలోకొచ్చింది. దానికి అరవై ఏళ్ళ తర్వాత కార్లవాళ్ళు దాన్నే తెచ్చి ఇంజనుకి తగిలించారు. ఇప్పటికీ ఫ్యాక్టరీల్లో గాలి ఊదే పనికి రూట్స్ బ్లోయర్లే. మన రాణీగంజ్ వైపు పంపులూ మోటార్లూ అమ్మే దుకాణాల్లో "రూట్స్ బ్లోయర్" అని అడిగి చూడండి, ఎన్ని ఘనపు మీటర్లు కావాలి అని ఎదురడుగుతారు.

అన్నట్టు మన సికింద్రాబాదు సముద్రమట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తులో ఉంది. ఇక్కడి గాలి పీడనం విశాఖపట్నంతో పోలిస్తే ఐదారు శాతం తక్కువ. అంటే వైజాగులో వంద హార్స్‌పవర్ ఇచ్చే మామూలు ఇంజను మారేడ్‌పల్లికొచ్చేసరికి 94, 95 దగ్గర ఆగిపోతుంది. మే నెల ఎండ వేడి దీనికి అదనం. రోడ్డు మీద ఇది మనకి తెలీదు. కానీ విమానాలకి ఇదే చావు బతుకుల సమస్య. పదహారు వేల అడుగులు ఎక్కితే గాలి పీడనం నేల మీద ఉన్నదాంట్లో సగానికి కాస్త పైన ఉంటుందంతే. ఇంజను బలమూ ఇంచుమించు అంతే. అందుకే సూపర్‌ఛార్జర్ పెరిగి పెద్దదైంది కార్లలో కాదు, విమానాల్లో.

ఇక మన ఊరి సంగతి. 2007లో కంపెనీ పని మీద లండన్‌లో మూడు నెలలున్నాను. ఆన్‌సైట్ అంటే తెలిసిందే కదా, వారాంతాల్లో పప్పు వండుకోవడం, ఉచితంగా చూడగలిగేవన్నీ చూసెయ్యడం. అలా ఒక శనివారం హెండన్‌లోని రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియానికి వెళ్ళాను. స్పిట్‌ఫైర్లూ లాంకాస్టర్లూ చూసి తిరిగొస్తుంటే మొదటి ప్రపంచ యుద్ధం నాటి రెండు రెక్కల బాంబరు ఒకటి కనిపించింది. డీహెచ్ 9ఏ, నంబరు ఎఫ్1010. దాని కథ చదువుతుంటే "నైజాం ఆఫ్ హైదరాబాద్" అన్న మాట దగ్గర కళ్ళు ఆగిపోయాయి. మనూరి పేరు అక్కడ చూస్తానని కల్లో కూడా అనుకోలేదు. పక్కనే ఉన్న ఒక తెల్లాయన్ని ఆపి "ఇది మా ఊరే" అని చెప్పాను కూడా. ఆయన మర్యాదగా నవ్వి వెళ్ళిపోయాడు.

కథేమిటంటే, 1918లో బ్రిటిష్ వాళ్ళ 110వ స్క్వాడ్రన్‌కి మొట్టమొదటి విమానాలన్నీ ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ డబ్బిచ్చి కొనిపెట్టినవి. ఆ విమానాల మీద ఆయన బహుమతి అని రాసి ఉండేది. స్క్వాడ్రన్‌కి "హైదరాబాద్" అన్న పేరు కూడా తగిలించారు. ఆ ఏడాది ఆగస్టు ఆఖర్న ఫ్రాన్సు చేరి, జర్మనీ ఊళ్ళ మీద పట్టపగలు బాంబులెయ్యడానికి వెళ్ళేవారు. యుద్ధం ముగిసిన నవంబరు లోపే 17 విమానాలు శత్రువు చేతిలో పోయాయి, ప్రమాదాల్లో పోయినవి అంతకంటే ఎక్కువ. మన ఎఫ్1010 అక్టోబరు 5న జర్మనీ గడ్డ మీద దిగిపోయింది. అందులోని ఇద్దరూ ఖైదీలయ్యారు. జర్మన్లు దాన్ని పారెయ్యకుండా దాచి బెర్లిన్ మ్యూజియంలో పెట్టుకున్నారు. రెండో యుద్ధంలో బాంబులకి భయపడి అక్కడి సరుకు కొంత తూర్పుకి తరలిస్తే, ఇది పోలండ్‌లో చిక్కుకుపోయింది.

దాని ఇంజను పేరు లిబర్టీ. అమెరికా వాడిది. పన్నెండు సిలిండర్లు వి ఆకారంలో, మొత్తం 27 లీటర్లు, నిమిషానికి దాదాపు 1,700 చుట్ల దగ్గర 400 హార్స్‌పవర్. సూపర్‌ఛార్జర్ లేదు. పైకెక్కే కొద్దీ ఆయాసమే. ఆ 27 లీటర్లు అన్న అంకెను గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

తమాషా ఏమిటంటే, సరిగ్గా నిజాం విమానాలు జర్మనీ మీద ఆయాసపడుతున్న ఆ శరత్కాలంలోనే, అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ ఇంజనీరు శాన్‌ఫోర్డ్ మాస్ అదే లిబర్టీ ఇంజనుని ఒక ట్రక్కుకెక్కించి పైక్స్ పీక్ అనే కొండ కొసకి తీసుకుపోయాడు. పద్నాలుగు వేల అడుగుల ఎత్తు. కింద 350 హార్స్‌పవర్ ఇచ్చిన ఇంజను ఆ కొండ మీద 230 దరిదాపుల్లోకి పడిపోయింది. పొగగొట్టంలోంచి వృథాగా పోయే వేడి వాయువులతో ఒక చక్రాన్ని తిప్పి, దాంతో గాలిని నొక్కి ఇంజనులోకి పంపితే 356 ఇచ్చింది. అంటే కొండెక్కిన ఇంజను నేల మీద ఇంజను కంటే ఒక పిసరు ఎక్కువే ఇచ్చింది. అదే ఇవాళ మన డీజిలు కార్లన్నిట్లో ఉండే టర్బో. మందు అమెరికా కొండ మీద తయారైంది, రోగి ఫ్రాన్సులో ఉన్నాడు. చేరేలోగా యుద్ధం అయిపోయింది.

తర్వాత ఇరవై ఏళ్ళలో కార్లవాళ్ళూ ఈ పిచ్చిలో పడ్డారు. 1921లో మెర్సిడెస్ సూపర్‌ఛార్జర్ కార్లను చూపించింది. మా వాడి ప్రశ్నకి అసలైన పాత ఉదాహరణ మాత్రం బెంట్లీ. నాలుగున్నర లీటర్ల బెంట్లీ మామూలుగా 110 హార్స్‌పవర్ కారు. టిమ్ బిర్కిన్ అనే రేసు డ్రైవరు దాని ముందు ఒక పెద్ద రూట్స్ బ్లోయర్ తగిలించాలని పట్టుబట్టాడు. కంపెనీ పెట్టిన డబ్ల్యు.ఓ. బెంట్లీకి అది సుతరామూ ఇష్టం లేదు. బలం కావాలంటే ఇంజను పెద్దది చెయ్యి, బయటి నుంచి ఊదటం ఏమిటన్నది ఆయన వాదం. అయినా బిర్కిన్ మాటే నెగ్గింది. రేసు బండిలో 240 హార్స్‌పవర్ వచ్చింది. వచ్చి ఏం లాభం? 1930 లె మాన్స్ రేసులో బ్లోయర్ బెంట్లీలు ఒక్కటి కూడా చివరిదాకా నిలవలేదు. మొదటి రెండు స్థానాలూ సూపర్‌ఛార్జర్ లేని ఆరున్నర లీటర్ల బెంట్లీలకే వచ్చాయి. మర్నాటి సంవత్సరమే అప్పుల్లో మునిగిన బెంట్లీ కంపెనీని రోల్స్ రాయిస్ కొనేసింది.

ఆ రోల్స్ రాయిసే మెర్లిన్ ఇంజను చేసింది. ఇక్కడ మళ్ళీ మన నిజాం వస్తాడు.

రెండో ప్రపంచ యుద్ధం మొదలవగానే ఆయన మళ్ళీ డబ్బిచ్చాడు. ఈసారి రెండు ఫైటర్ స్క్వాడ్రన్లకి హైదరాబాదు పేరు వచ్చింది. 253వది హరికేన్ విమానాలతో, 152వది స్పిట్‌ఫైర్లతో. రెండిట్లోనూ మెర్లినే. 152వ స్క్వాడ్రన్ చిహ్నంలో ఏముంటుందో తెలుసా? నిజాం తలపాగా! దాని కింద "నమ్మకమైన మిత్రుడు" అన్న అర్థంలో ఇంగ్లీషు మాట. 1918లో బ్రిటిష్ వాళ్ళు నిజాంకిచ్చిన బిరుదే అది. 1940 వేసవిలో ఆ తలపాగా గుర్తు వాళ్ళు ఇంగ్లండ్ దక్షిణ తీరంలో వార్మ్‌వెల్ నుంచి ఎగిరి పోర్ట్‌లాండ్ నౌకాస్థావరాన్ని కాశారు. 1943 చివర్లో మన దేశానికొచ్చి బర్మా సరిహద్దులో జపాను వాళ్ళతో పోరాడారు.

ఇప్పుడు లెక్క. మెర్లిన్‌కీ పన్నెండు సిలిండర్లే, వి ఆకారమే. పరిమాణం? సరిగ్గా 27 లీటర్లు! లిబర్టీకీ దీనికీ మధ్య తేడా వెతికితే గ్లాసుడు నీళ్ళంత కూడా ఉండదు. రెండూ వేరువేరు దేశాల్లో, వేరువేరు కొలతల సిలిండర్లతో, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా పుట్టినవి. ఒకే దాత, ఒకే పరిమాణం, మధ్యలో ఇరవై రెండేళ్ళు. మొదటిది 400 హార్స్‌పవర్, అదీ నేల మీద. రెండోది, అంటే 1940 నాటి మెర్లిన్ 3, 1,030 హార్స్‌పవర్. అదీ 16,000 అడుగుల పైన.

ఈ తేడా అంతా సూపర్‌ఛార్జర్ పుణ్యమే అనడం అన్యాయం. కాగితం మీద వేసి చూశాను. లిబర్టీ 1,700 చుట్లు, మెర్లిన్ 3,000. ఒక్క వేగం వల్లే 400 కాస్తా 705 అవుతుంది. మెర్లిన్ బూస్టు ఆరుంపావు పౌండ్లు. (మా వాడి మియాటా కిట్టూ ఇంచుమించు అంతే, అందుకే చుట్టరికం అన్నాను.) మామూలు గాలి పీడనం 14.7 పౌండ్లు కాబట్టి 42 శాతం అదనపు గాలి. 705ని 1.42తో గుణిస్తే వెయ్యి వచ్చింది! ఇంత మోటు లెక్కకి ఇంత దగ్గరి జవాబు రావడం నాకే ఆశ్చర్యం వేసింది. కొంత అదృష్టమే అయ్యుంటుంది. కానీ ఈ లెక్కలో కనపడని గొప్ప ఇంకోటుంది. ఆ ఎత్తులో బయట ఉండేది ఎనిమిది పౌండ్ల గాలే. దాన్ని 21కి నొక్కాలి, అంటే రెండున్నర రెట్ల పైమాట. అందుకు పది అంగుళాల చక్రాన్ని నిమిషానికి పాతికవేల చుట్లకు పైగా తిప్పేవారు. ఆ తిత్తి లేకపోతే అదే ఇంజను అక్కడ నాలుగొందల లోపు దగ్గర మూలుగుతుండేది.

నొక్కిన గాలి వేడెక్కుతుంది. సైకిలుకి గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు పట్టుకుని చూసినవాళ్ళందరికీ తెలుసు. వేడి గాలిలో పెట్రోలు నిప్పురవ్వ పడకముందే తనంత తాను పేలితే అదే నాకింగ్. పిస్టన్‌కి తూట్లు పడేది దానివల్లే. మెర్లిన్ వాళ్ళకి దీన్నుంచి రక్షణ రెండు రకాలుగా దొరికింది. ఒకటి, ఇంజను కంప్రెషన్ రేషియోని మొదట్నుంచీ ఆరు దగ్గరే ఉంచారు. రెండు, 1940లో బ్రిటిష్ ఫైటర్లకి వంద ఆక్టేన్ పెట్రోలు వచ్చింది. దాంతో బూస్టుని పన్నెండు పౌండ్లకి పెంచి, కిందెత్తుల్లో కాసేపు 1,300 హార్స్‌పవర్ దాకా లాగారు.

ఇక నాలాంటి వాళ్ళకి నచ్చే భాగం. 1938లో స్టాన్లీ హుకర్ అనే గణితం మనిషి రోల్స్ రాయిస్‌లో చేరాడు. ఇంజన్ల సంగతి పెద్దగా తెలీదు. తర్వాత రాసుకున్న ఆత్మకథకి కూడా "నాట్ మచ్ ఆఫ్ యాన్ ఇంజనీర్" అనే పేరు పెట్టుకున్నాడు. ఆయన కూర్చుని సూపర్‌ఛార్జర్‌లో గాలి ఎలా పోతోందో సమీకరణాలు వేసి, ఎక్కడ వృథా అవుతోందో పట్టుకున్నాడు. తర్వాత ఒకదాని వెనక ఒకటి రెండు చక్రాలు, మధ్యలో వేడి తీసెయ్యడానికి ఒక కూలరు పెట్టారు. అదే 27 లీటర్లు 1,700 దాకా వెళ్ళాయి. మన 152వ స్క్వాడ్రన్ బర్మాలో నడిపిన స్పిట్‌ఫైర్ 8లో ఉన్నది ఈ రకమే. ఇంజను పరిమాణం ఒక్క చెంచా పెరగలేదు. సెర్వర్లు కొనకుండా కోడు సరిచేసి వేగం పెంచినట్టు.

ఇంతవరకూ మురిసిపోతూ రాశాను. కానీ ఈ కథ చెప్పినప్పుడల్లా నాకొక ముల్లు గుచ్చుకుంటుంది. "నిజాం ఇచ్చాడు" అని సులువుగా అనేస్తాం. ఆయనెక్కడినుంచి తెచ్చాడు? సర్కారీ ఖజానా అయినా, ఆయన సొంత సర్ఫేఖాస్ అయినా, అడుక్కి వెళితే భూమి శిస్తే కదా. 1918లో వానలు మొహం చాటేశాయి, ఆ ఏడే దేశమంతా ఇన్‌ఫ్లూయెంజాతో పిట్టల్లా రాలిపోయారు. 1940ల్లో తెలంగాణా పల్లెల్లో వెట్టి, దాని మీద యుద్ధం పేరుతో లెవీ. మా తాత భువనగిరి దగ్గర చిన్న రైతు. స్పిట్‌ఫైర్ అంటే ఆయనకి చచ్చేదాకా తెలీదు గానీ, లెవీ అంటే మాత్రం బాగా తెలుసు. "ఇంట్ల గింజలు ఉండంగనే కొలిచి తీస్కపోయిండ్రు బిడ్డా" అనేవాడు. లెవీ ధాన్యం అమ్మి విమానాలు కొన్నారని నేననడం లేదు, ఆ పద్దులు వేరు. కానీ బహుమతి ఇచ్చినవాడి పేరు ఇరవై ఏడు లీటర్ల ఇంజను మీద ఎక్కింది, శిస్తు కట్టినవాడి పేరు పటేలు లెక్కల పుస్తకం దాటి రాలేదు. హెండన్‌లో ఆ తెల్లాయన్ని ఆపి "మా ఊరే" అన్నప్పుడు నాకిది గుర్తు రాలేదు. గదికొచ్చి పప్పు పొయ్యి మీద పెట్టాక గుర్తొచ్చింది.

మరి ఆ నమ్మకమైన మిత్రుడికి చివర్లో ఏం దక్కింది? 1948లో ఢిల్లీతో తగాదా ముదిరాక బ్రిటన్ ఆయన వైపు రాలేదు. మెర్లిన్ ఇంజన్లు మాత్రం వచ్చాయి! సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా వాడు, యుద్ధం మొదట్లో స్పిట్‌ఫైర్లకి కెమెరాలు బిగించి గూఢచారి ఫొటోలు తీయించిన మనిషి, ఈసారి లాంకాస్ట్రియన్ విమానాల్లో కరాచీ నుంచి రాత్రిళ్ళు బీదరుకీ వరంగల్లుకీ తుపాకులు చేరవేశాడు. ఒక్కో విమానానికి నాలుగు మెర్లిన్లు. ఈ మెర్లిన్లు బహుమతి కాదు, రొక్కం. ఆ సెప్టెంబరు 13న భారత సైన్యం కదిలింది. పైన ఎగిరినవి మన వైమానిక దళం టెంపెస్టులు. అవీ బ్రిటిష్ వాళ్ళు చేసినవే, అవీ సూపర్‌ఛార్జర్ ఇంజన్లే. ఐదు రోజుల్లో అయిపోయింది. కాటన్‌కి తర్వాత లండన్ కోర్టు 200 పౌండ్ల జరిమానా వేసింది.

ఎఫ్1010ని పోలండ్‌లో వదిలేశాను కదా. బ్రిటిష్ మ్యూజియం వాళ్ళు దాన్ని వెనక్కి అడిగితే క్రాకోవ్ మ్యూజియం వాళ్ళు ఊరికే ఇవ్వలేదు, బదులు కావాలన్నారు. 1977లో మార్పిడి జరిగింది. ఇచ్చిందేమిటనుకున్నారు? ఒక స్పిట్‌ఫైర్, పదహారో రకం, రెండు చక్రాల సూపర్‌ఛార్జర్ ఉన్న మెర్లిన్‌తో. 27 లీటర్లకి 27 లీటర్లు. ఆయాసపడే పాత ఇంజను కోసం బలమైన కొత్తదాన్ని ఇచ్చేశారు.

మళ్ళీ మేనల్లుడి దగ్గరికి. వాడి మియాటా కంప్రెషన్ రేషియో పది. మెర్లిన్‌ది ఆరు. అంటే ఊదక ముందే వాడి ఇంజను గాలిని గట్టిగా నొక్కుతోంది, దాని మీద మళ్ళీ ఆరు పౌండ్లు. మా వీధిలో తిరుమలగిరి ఈఎంఈలో చేసి రిటైరైన పెద్దాయన ఒకరున్నారు. అడిగితే ఒక్క ముక్కలో తేల్చేశారు, "ఊదడం తేలికే బాబూ, తట్టుకోవడమే కష్టం." కిట్టుతో పాటు పెద్ద ఇంజెక్టర్లు, నిప్పురవ్వ టైమింగు వెనక్కి జరిపే ట్యూనింగు, కూలరు, మంచి పెట్రోలు, అన్నీ లెక్కేసుకుని అప్పుడు చూడమని చెప్పాను. ఇక్కడైతే ఆ బాధే లేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, దాని మీద 2019 జనవరిలో సుప్రీం కోర్టు ఇచ్చిన తీర్పు చూస్తే, కంపెనీ చేసిన బండిని మన ఇష్టం వచ్చినట్టు మార్చే వీల్లేదు.

నిన్న మళ్ళీ ఫోన్ చేశాడు. కిట్టు సంగతి పక్కన పెట్టి ముందు సిలిండర్ల కంప్రెషన్ టెస్టు చేయించాడట. నాలుగింట్లో మూడోది వీకుగా ఉందట. "ఇప్పుడేం చెయ్యమంటావ్ మామయ్యా?" అన్నాడు. రింగులు మార్పించమన్నాను.